“ఏడ నడువాలె సారూ?” – ఇరుకు పేటలలో వ్యాయామ స్థలం చరిత్ర



ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలమంతటిలో నా చేత్తో అత్యధిక పర్యాయాలు రాసిన సలహా ఏదని ఎవరైనా అడిగితే, నేను ఏ మాత్ర పేరూ చెప్పను. ‘రోజూ అరగంట నడవండి’ అన్న మూడు మాటలే చెబుతాను. మధుమేహానికి అదే, రక్తపోటుకు అదే, మోకాళ్ల నొప్పికి అదే, నిద్ర పట్టడం లేదన్నవారికీ అదే. శాస్త్రరీత్యా ఆ సలహాలో దోషం లేదు. దోషం ఎక్కడున్నదో నాకు చెప్పినది వైద్యగ్రంథం కాదు, పిట్లం బజారు వెనుక గల్లీలో కాపురముండే ఒక నడివయస్కురాలు.

ఆమెకు మధుమేహం. నేను చీటీ అందించగానే కొంగు సవరించుకొని, “నడువుమని రాస్తున్నరు, మంచిదే. ఏడ నడువాలె సారూ? గల్లీల నడుద్దామంటె మోరీలు, బండ్లు. రోడ్డెక్కితె లారీలు. పొలం దిక్కు పోతె ఈమె ఒక్కతె ఏడికి పోతున్నదని నలుగురు అడుగుతరు” అన్నది. నా వద్ద జవాబు లేదు. “ఇంట్లనే అటూ ఇటూ తిరుగమ్మా” అన్నాను. ఆమె ఇల్లు రెండు గదులు. కొన్నేళ్ల తరువాత కాలి పుండుతో వచ్చింది. రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. నడక ఒక్కటే ఆ వేళ్లను కాపాడేదని నేను చెప్పను. మధుమేహంలో పాదం చెడడానికి అనేక కారణాలుంటాయి. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పకుండానే నా సలహాను నేను పూర్తయినట్లు భావించాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

పిట్లం మహానగరం కాదు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు సాగే 161వ జాతీయ రహదారి మీది మండల కేంద్రం. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, కన్నడం వినిపించే సరిహద్దు ప్రాంతం. చుట్టూ పొలాలున్నా, బజారు నడుమ ఇరుకు ఏ నగరపు బస్తీకీ తీసిపోదు: ముందు దుకాణం, వెనుక ఇల్లు, మధ్య మోటారు సైకిలు. కాబట్టి ఇరుకు చోట వ్యాయామ స్థలం ఎలా సాధ్యమన్న ప్రశ్న హైదరాబాదు పాతబస్తీకి ఎంత అవసరమో, మన మండల కేంద్రాలకూ అంతే అవసరం. చరిత్రలో దీనికి జవాబు వెదికినవారు చాలామంది ఉన్నారు. వారిలో గెలిచినవారి నుంచీ, ఓడినవారి నుంచీ మనం నేర్చుకోవలసినది ఉన్నది.

బస్సు చెప్పిన సత్యం

మొదట, వ్యాయామం ఔషధమని మనకు తెలిసినది ఎప్పుడు? మన పెద్దలకు అనుభవంలో ఎప్పటినుంచో తెలుసు. లెక్కలతో నిరూపించినది మాత్రం 20వ శతాబ్ది మధ్యకాలంలో. జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ నగరంలోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. ఒకే బస్సు, ఒకే జీవన స్థాయి. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం వందల మెట్లు ఎక్కి దిగుతాడు. 1953లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన ఫలితం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచింది. గుండెజబ్బు కండక్టర్లలో డ్రైవర్ల కంటే తక్కువ; వచ్చినా అంత తీవ్రంగా రాలేదు.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. ఆ కండక్టరు వ్యాయామం చేయాలని సంకల్పించుకోలేదు. అతని పనిచోటే అతనిచేత చేయించింది. మన తాతముత్తాతలచేత పొలం, బావి, రోకలి, తిరుగలి చేయించినట్లు. ఆ పనులు తగ్గిపోయాయి. అవి చేయించిన శ్రమకు బదులు మరొకటి రాలేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో మధుమేహులు దాదాపు 10.1 కోట్లని అంచనా వేసింది. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. నిమిషాలు చెప్పడం సులభం. ఆ నిమిషాలు గడిపే చోటు చూపడమే కష్టం.

వరద తరువాత హైదరాబాదు

ఇరుకు రోగమనీ, ఖాళీస్థలం వైద్యమనీ మన ప్రాంతపు పాలకులు గుర్తించిన సందర్భం ఒకటి ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరద నివారణకు, మురుగునీటి పారుదలకు సూచనలు చేశారు. ఆ వెనుకనే ప్లేగు వచ్చింది. 1912లో నగర అభివృద్ధికి ప్రత్యేకంగా సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గాలి, వెలుతురు లేని బస్తీలను సడలించడం, వీధులు వెడల్పు చేయడం, పేదలకు ఇళ్లు కట్టడం, ఉద్యానాలు పెంచడం దాని పనులు.

నాడు భయం ప్లేగు. ఎలుక, ఈగ, మురుగు శత్రువులు. నేడు మన బస్తీలలో మనుషులను తీసుకుపోతున్నవి ఎక్కువగా గుండెపోటు, పక్షవాతం, మధుమేహం. శత్రువు మారినా చికిత్సలో ఒక భాగం మారలేదు. ఇళ్ల మధ్య కాస్త ఖాళీస్థలం ఉండాలి. అయితే ఖాళీగా వదిలిన స్థలం దానంతటదే వ్యాయామశాల కాదు. కొన్నాళ్లకు చెత్తకుప్ప అవుతుంది, లేదా ఎవరో ఒకరి ఇల్లు అవుతుంది. ఆ స్థలాన్ని సజీవంగా ఉంచేది ఏది? దీనికి జవాబు మన తాలింఖానాలలో దొరుకుతుంది.

తాలింఖానా: ఇరవై అడుగుల విద్యాలయం

హైదరాబాదు పాతబస్తీలో, బార్కస్‌లో, ధూల్‌పేటలో కుస్తీ సంప్రదాయం తరతరాలుగా సాగింది. అఖాడా అన్నా, తాలింఖానా అన్నా, గరిడీ అన్నా, వ్యాయామశాల అన్నా రూపం దాదాపు ఒక్కటే. ఇరవై అడుగుల చదరపు గుంత. అందులో జల్లించిన ఎర్రమట్టి. నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా తవ్వినది. గోడకు ఆనించిన కర్ర గదలు, రాతి గుండ్లు. పైన రేకులో, పెంకులో. దండీలు, బస్కీలు తీయడానికి రెండు గజాల నేల చాలు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో నిలిచే వ్యాయామ కేంద్రాన్ని నేటికీ ఎవరూ రూపొందించలేదని నా అభిప్రాయం.

మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మన ప్రాంతానికి ఈ విద్య మరీ చేరువ. విదర్భలోని అమరావతిలో వైద్య సోదరులు 1914లో స్థాపించిన హనుమాన్ వ్యాయామ సంస్థ నేటికీ దేశంలో పేరెన్నికగన్నది. ఇటు ఆంధ్ర ప్రాంతంలో కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఆరంభించి, దేశమంతటా బల ప్రదర్శనలిచ్చి, దేహ పరిశ్రమకు గౌరవం తెచ్చాడు. పిట్లం, బిచ్కుంద, జుక్కల్, మద్నూర్ వైపు హోలీ, ఉగాది, జాతర దినాలలో జరిగే కుస్తీ పోటీలు మీలో చాలామంది చూసే ఉంటారు. పిల్లల కుస్తీ కొబ్బరికాయతో మొదలై, చివరి కుస్తీ వెండి కడియంతో ముగుస్తుంది. అటు నాందేడ్, దెగ్లూర్ నుంచి పహిల్వాన్లు వస్తారు. చుట్టూ వలయంగా ఊరంతా కూర్చుంటుంది. ఏటికొక దినం పాటు పొలం గట్టే క్రీడాస్థలం.

తాలింఖానాను బతికించినది మట్టి కాదు, వస్తాదు. తెల్లవారక ముందే వచ్చి మట్టి తవ్వేది ఆయన. ఎవరు రాలేదో గుర్తుపెట్టుకొని ఇంటికి కబురు పంపేది ఆయన. ఎవరి మెడ నొప్పిగా ఉన్నదో చూసి ఆనాటికి కుస్తీ వద్దనేది ఆయనే. జీతం నామమాత్రం, గౌరవం అపారం. వస్తాదు పోయిన తరువాత వారసుడు లేని తాలింఖానా మూతపడింది. వస్తాదు ఉన్న తాలింఖానా రేకులు ఎగిరిపోయినా నిలిచింది.

దాని లోపాలనూ దాచకూడదు. ఒక్కొక్క అఖాడా ఒక్కొక్క కులానికో, మతానికో చెందినదై, పొరుగు పేటకు తలుపు మూసిన సందర్భాలున్నాయి. బలం సేవకు కాక దౌర్జన్యానికి వాడిన రోజులూ ఉన్నాయి. అన్నింటికంటే పెద్ద లోపం, ఊరిలో సగం మందికి ఆ గడప లోపల స్థానం లేకపోవడం. నన్ను ప్రశ్నించిన ఆ తల్లి ఏ తాలింఖానాకు పోగలదు?

ఒక బడిపంతులు, ఒక బాలిక

స్టేడియం లేకుండా ఛాంపియన్లు వస్తారా అని కొందరు అడుగుతారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడి ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షకుడిగా భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ విజయాలకు మూలం పచ్చిక పరచిన మైదానాలు కావు, మట్టినేల మీద క్రమం తప్పని సాధన. ఒక వైద్యుడిగా మరొక మాట కూడా చెప్పాలి. ఎందరి ఊపిరితిత్తులనో పటిష్ఠం చేసిన ఆ మహానుభావుడు 1963లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయనకు ధూమపానం అలవాటు. క్రీడాస్థలంలో పొగకు చోటుండరాదని నేను పట్టుబట్టడానికి అదొక కారణం.

రెండవ ఉదాహరణ మన పాత జిల్లా కేంద్రం నుంచే. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ మొదట పరుగు పందాలకు సాధన చేసిన బాలిక. బాక్సింగ్ బరిలో అబ్బాయిలే ఎందుకున్నారని తండ్రిని ప్రశ్నించి, ఆ ఆటలో అడుగుపెట్టింది. తొలిదినాలలో అబ్బాయిలతోనే తలపడింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయింది. ఆమె ప్రతిభ ఆమెది. అయితే ఇంటికి దగ్గరలో ఒక మైదానం, చేయిపట్టుకొని తీసుకువెళ్లిన తండ్రి, ఆడపిల్లకు నేర్పడానికి వెనుకాడని శిక్షకుడు లేకపోతే ఆ ప్రశ్న ఇంటి గుమ్మంలోనే ఆగిపోయేది. మన పేటలలో అలా ఆగిపోయిన ప్రశ్నలెన్నో!

చవకగా పుట్టిన ఆటలు

ఏ ఆటకు ఎంత చోటు కావాలో కూడా చరిత్రను అడుగుదాం. 1891 శీతకాలంలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు నాలుగు గోడల మధ్య ఆడే ఆట కోసం వెదికి, పండ్ల బుట్టలు రెండు తగిలించాడు. అదే బాస్కెట్‌బాల్. 1895లో దాపున ఉన్న హోల్యోక్ పట్టణంలో విలియం మోర్గాన్, నడివయసు వ్యాపారస్తులకు బాస్కెట్‌బాల్ శ్రమ ఎక్కువవుతున్నదని తలచి, నడుమ వల కట్టి మరొక ఆట కల్పించాడు. అదే వాలీబాల్. అనగా మన ఊళ్లలో కుర్రవాళ్ల ఆటగా చూసే వాలీబాల్ నిజానికి నలభై దాటినవారి కోసం పుట్టినది! ఇలాంటి ఆటలకు ఈ దేశంలో ఉపాధ్యాయులను తయారుచేయడానికి హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యాలయాన్ని స్థాపించాడు. మన బడుల డ్రిల్లు మాస్టర్లకు అది తల్లివేరు వంటిది.

మన చెడుగుడుకు బంతి కూడా అక్కరలేదు. ఖోఖోకు రెండు గుంజలు చాలు. ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టి తెలుగునాట ఇంటింటి ఆటయింది. ఖర్చు తక్కువ ఆట అంటే తక్కువ రకం ఆట కాదన్న సంగతి ముందు మనం నమ్మాలి.

పెక్కమ్: వైద్యులు నడిపిన ఆటల ఇల్లు

నాకు ఎంతో ఇష్టమైన, ఎంతో బాధ కలిగించిన ఉదాహరణ ఇది. లండన్‌లో పెక్కమ్ అనే శ్రామికుల పేట. జార్జి స్కాట్ విలియంసన్, ఇన్నెస్ పియర్స్ అనే ఇద్దరు వైద్యులు 1926లో అక్కడ చిన్న ఇంటిలో ఒక ప్రయోగం ఆరంభించారు. రోగాన్ని కాదు, ఆరోగ్యాన్ని పరిశీలించాలని వారి ఆశయం. 1935లో ప్రత్యేక భవనం లేచింది. నడుమ ఈతకొలను, చుట్టూ వ్యాయామశాల, నాట్యశాల, పిల్లల గది, ఫలహారశాల, వైద్య పరీక్షా గదులు. చేరదలచిన కుటుంబం నడిచి రాగల దూరంలో నివసించాలి, కుటుంబమంతా చేరాలి, వారానికి ఒక షిల్లింగు చందా కట్టాలి, అందరూ కాలానుగుణంగా ఆరోగ్య పరీక్ష చేయించుకోవాలి. పరీక్షించినవారిలో ఏ లోపమూ కనబడనివారు నూటికి పదిమంది కూడా లేరు. చాలామందికి తమ లోపం సంగతి తెలియనే తెలియదు.

ఆ భవనం లోపలి గోడలు ఎక్కువ భాగం అద్దాలు. టీ తాగుతూ కూర్చున్న తల్లికి ఈత కొడుతున్న పొరుగింటి ఆవిడ కనబడుతుంది. ఇవాళ చూస్తుంది, రేపు అడుగుతుంది, ఎల్లుండి దిగుతుంది. ‘వ్యాయామం చేయండి’ అని వైద్యులు ఎవరికీ ఉపదేశించలేదు. చూపే ఉపదేశమయింది. మన కుస్తీ పోటీల చుట్టూ కూర్చున్న పిల్లలు మరునాడు ఇసుకలో పట్లు పట్టడం మీరు చూసి ఉంటారు. ఇదీ అదే సూత్రం.

మరి అది ఏమయింది? యుద్ధకాలంలో మూతపడి, 1946లో తెరుచుకొని, 1950లో శాశ్వతంగా మూతపడింది. 1948లో బ్రిటన్‌లో జాతీయ వైద్య సేవ ఆరంభమయింది. రోగానికి ఉచిత చికిత్స దాని ధర్మం. రోగం రాకముందు కుటుంబాలు చందా కట్టి, తమ పేటకు పరిమితమై నడుపుకునే కేంద్రానికి ఆ చట్రంలో చోటు దొరకలేదు. కట్టడానికి డబ్బు దొరికిన సంస్థ నడపడానికి డబ్బు లేక ఆగిపోయింది. మన కథలన్నిటిలోనూ విషాదం ఇక్కడే ఉన్నది.

మిగులు చోట్ల మహిమ

యుద్ధం తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లో పిల్లలు ఆడుకోవడానికి చోటు లేకపోయింది. ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పి నగరపాలక సంస్థ పక్షాన 1947లో ఒక చిన్న కూడలిలో ఇసుక గుంత, ఇనుప కడ్డీలు, కొన్ని బెంచీలు అమర్చాడు. తరువాత చుట్టుపక్కల తల్లిదండ్రులు తమ వీధికీ అలాంటిది కావాలని అడగసాగారు. మూడు దశాబ్దాలలో 700కు పైగా ఆటస్థలాలు వెలిశాయి. వాటిలో చాలావరకు పాడుబడిన ఇంటి జాగాలు, వీధి మలుపులు, ఎవరికీ పనికిరావనుకున్న ముక్కలు. కంచెలు దాదాపు లేవు. ప్రతి కిటికీ కాపలా కాసింది.

నేలే లేని చోట ఏం చేయాలి? వెనెజువెలా రాజధాని కారకాస్‌లో కిక్కిరిసిన పేదల వాడ నడుమ ఒకే ఒక శిథిల ఆటస్థలం ఉండేది. 2004లో అదే స్థలంలో అంతస్తులపై అంతస్తుగా ఆట గదులు పేర్చి ‘నిలువు వ్యాయామశాల’ నిర్మించారు. మనకు అంత నిర్మాణం అవసరం లేదు కానీ, దాని వెనుక ఆలోచన అవసరం. పక్కకు పెరగలేనిది పైకి పెరగవచ్చు. పైకి పెరగలేనిది గడియారంలో పెరగవచ్చు. అంటే ఒకే నేలను వేళల వారీగా పదిమందికి పంచవచ్చు.

పది గుంటల లెక్క

ఇక పిట్లానికి వద్దాం. పది గుంటల జాగా ఉన్నదనుకోండి. దాదాపు వెయ్యి చదరపు మీటర్లు. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. ఇంత చిన్న చోట ఏం పడుతుంది?

అంచు వెంబడి రెండు మీటర్ల నడకదారి. ఎనిమిది చుట్లు తిరిగితే దాదాపు కిలోమీటరు. ఇరవై చుట్లకు ఆనాటి అరగంట పూర్తి. లోపల వాలీబాల్ కోర్టు. ఆడే గీతలు 18 మీటర్లకు 9, చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24కు 15. వల తీసివేస్తే అదే నేల మీద 13కు 10 మీటర్ల కబడ్డీ గీతలు సరిపోతాయి. ఒక చివర మిగిలే 12 మీటర్లకు 21 మీటర్ల ముక్కలో కుస్తీ గుంత, పిల్లల ఇసుక, సింగిల్ బారు, డబుల్ బారు. పక్కన మిగిలిన ఆరు మీటర్ల పట్టీలో వేప, కానుగ చెట్లు; వాటి కింద అరుగులు. ఆ అరుగులు అలంకారం కావు. పెక్కమ్‌లో అద్దాలు చేసిన పని ఇక్కడ అవే చేయాలి. వాటి మీద కూర్చున్న అవ్వ చూస్తుంది, తరువాత లేచి నడుస్తుంది.

చుట్టూ ప్రహరీ గోడ వద్దు, జాలీ కంచె కట్టండి. లోపల ఏం జరుగుతున్నదో వీధికి కనబడితే ఆడపిల్లలకు భద్రత, తాగుబోతులకు భయం. నేలకు మొరం పరచి, నీరు నిలవకుండా ఒక వైపుకు వాలు ఇవ్వండి. ఆడవారికి మరుగుదొడ్డి, తాగునీరు తప్పనిసరి. ఇవి లేని చోటికి స్త్రీలు రారు, ఆ తరువాత ‘ఆడవాళ్లకు ఆసక్తి లేదు’ అని మనమే అంటాము. పాత టైర్లు ఆటవస్తువులుగా పెట్టేవారికి ఒక హెచ్చరిక: వాటిలో నిలిచే వాననీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. రంధ్రాలు చేయండి, లేదా మట్టి నింపండి.

జాగా కొనాలనీ లేదు. దాదాపు ప్రతి మండల కేంద్రంలోనూ ప్రభుత్వ బడి ఉంటుంది. ఉదయం బడి గంటకు ముందు, సాయంత్రం తరువాత, సెలవు దినాలలో ఆ ఆవరణ ఖాళీ. బడి పెద్దలతో మాట్లాడి, తాళంచెవి బాధ్యత ఒకరు రాతపూర్వకంగా తీసుకుంటే అదే అన్నిటికంటే చవకైన క్రీడాస్థలం.

వేళల పట్టిక బోర్డు మీద రాయండి. తెల్లవారి ఐదు నుంచి ఏడు వరకు నడిచేవారు. సాయంత్రం మొదటి గంట పిల్లలు. తరువాత ఒక గంట స్త్రీలకు మాత్రమే. చీకటి పడ్డాక దీపాల వెలుగులో యువకులు. వేసవిలో ఎండ ముదిరాక ఎవరూ ఆడరాదు. మధుమేహులు చెప్పులు లేకుండా నడవవద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు జేబులో బెల్లం ముక్కో, చక్కెరో ఉంచుకోండి. నడుస్తూండగా ఛాతీలో బిగువు, ఎడమ చేతికి గుంజు, చెమటలు పడితే ‘గ్యాస్’ అనుకోకుండా ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఎవరు మట్టి తవ్వాలి?

2022 జూన్ 2న తెలంగాణ అవతరణ దినోత్సవం నాడు ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకం మొదలయింది. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ, వ్యాయామ కడ్డీలు, చుట్టూ చెట్లు. మన సంప్రదాయానికి తగిన, ఖర్చు తక్కువైన ఊహ. స్థలం ప్రభుత్వం చూపగలదు, కడ్డీలు పాతగలదు. ప్రతి ఉదయం గేటు తీసే మనిషిని మాత్రం ఊరే ఇవ్వాలి.

ఖర్చు రెండు రకాలు. ఒకసారి పెట్టేది: చదును, మొరం, కంచె, దీపాలు, మరుగుదొడ్డి. నెలనెలా పెట్టేది: ఒక మనిషికి గౌరవ వేతనం, బల్బు, బంతి, వల, నీళ్లు. ప్రారంభోత్సవాలన్నీ మొదటి దానికే జరుగుతాయి. మూతపడేవన్నీ రెండవ దాని కోసమే మూతపడతాయి. తాలింఖానాను నిలిపినది వస్తాదు, పెక్కమ్‌ను మూసినది నిర్వహణ ఖర్చు. రెండు కథలకూ నీతి ఒక్కటే. జాగా వెదకడానికి ముందే వస్తాదును వెదకండి. విశ్రాంత డ్రిల్లు మాస్టరు కావచ్చు, సైన్యం నుంచి తిరిగివచ్చిన యువకుడు కావచ్చు, ఆటలలో రాణించిన ఆడపడుచు కావచ్చు. ఇంటికి నెలకింత అని చందా వేసి ఆ మనిషికి వేతనం, బంతికి ధర కూడబెట్టండి. పెక్కమ్‌లోనూ కుటుంబాలు వారానికి ఒక షిల్లింగు చందా కట్టేవి; మన చందా కూడా అలాంటిదే.

ఆ తల్లి తరువాత కూడా చాలాసార్లు వచ్చింది, కర్ర ఊతంతో. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. మీ ఊరిలో వైద్యుడు ‘నడవండి’ అని రాసినప్పుడు, ‘ఏడ నడువాలె’ అని అడిగే మనిషి తప్పక ఉంటుంది. ఆమె ఇంటినుంచి చెప్పులు వేసుకొని ఐదు నిమిషాలలో చేరగలిగే పది గుంటలు ఎక్కడున్నాయో, దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలో ఈ వారంలోనే నలుగురు కూర్చొని మాట్లాడుకోండి. నేను ఆలస్యంగా చెప్పిన జవాబు మీరు సకాలంలో చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఆరోగ్యమస్తు.